దబాయించి లాక్కున్న చాట

నా చిన్నప్పుడు మా బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో దబాయించడమంటే కాళ్ళు పట్టడం. పెద్దవాళ్ళ సంగతి వేరు గానీ మా పిల్లలందరికీ ఆ మాటకి అదే అర్థం. బడిలో హిందీ, వీధిలో హిందీ, ఇంట్లోకి వచ్చాక తెలుగు. రెండింటి మధ్య తిరిగే పిల్లల నోట్లో మాటలు ఎక్కడివి అక్కడ ఉండవు కదా. హిందీలో దబానా అంటే నొక్కడం, ఒత్తడం. దానికి మన తోక ఒకటి తగిలించి తెలుగు చేసేసుకున్నాం. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. డ్యూటీ దిగి, ఒంటి మసి కడుక్కుని మంచమ్మీద వాలగానే నేను వెళ్ళి, "కాళ్ళు దబాయించనా నాన్నా?" అని అడిగేదాన్ని. ఆయన నవ్వుకునేవాడే గానీ ఎప్పుడూ దిద్దలేదు.

దిద్దింది మా నాయనమ్మ. తాతయ్య పోయాక విజయనగరం దగ్గర పల్లెలో ఒంటరిగా ఉండలేక, అప్పటికి కొన్ని నెలల క్రితమే మా దగ్గరికి వచ్చింది. నా మాట విని నుదురు కొట్టుకుంది.

"కాళ్ళు దబాయించడమేటే గుంటా! కాళ్ళు పిసుకుతారు. దబాయించేది మనుషుల్ని."

నాకు తేడా తెలియలేదని చూసి, పక్కన కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పింది. కోడి గింజల మీదకి వస్తే అదిలిస్తారట. పిల్ల తప్పు చేస్తే గదమాయిస్తారట. దబాయించడం ఆ రెండూ కాదట. "తప్పు మన దగ్గరే ఉంటాది. ఉన్నాగానీ, ఎదటోడు నోరెత్తకండా మన గొంతు పెంచీడం. అదీ దబాయించడమంటే" అంది. వంటింట్లో పప్పు కడుగుతున్న అమ్మ ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ దించేసుకుంది.

అమ్మ ఎందుకు చూసిందో నాకు తెలుసు. మా ఇంట్లో ఆ విద్య తెలిసిన మనిషి నాయనమ్మే. కుళాయి దగ్గర ఎవరి బిందె ముందున్నా, తన బిందె దాని ముందుకి వచ్చేది. పాలలో నీళ్ళు కలిపావని పాలవాడిని తెలుగులో కేకలేస్తే, పాపం వాడు కలిపినా కలపకపోయినా, ఇంకో గరిటెడు పోసి వెళ్ళిపోయేవాడు. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. వచ్చిన కొత్తలో ఎవరితో ఏం చెప్పాలన్నా నన్ను వెంటబెట్టుకునేది. పేరుకి నేను దుబాసీని. ఒక్కనాడూ నన్ను మాట పూర్తి చేయనిచ్చేది కాదు. నేను "ఆమె ఏమంటోందంటే" అని మొదలుపెట్టేలోగా, "అదేటంటే నాకేటి, నువ్వు నా మాట సెప్పు" అనేది. ఇద్దరు మనుషుల మధ్య నిలబడి, ఇద్దరి మాటా తెలిసి, ఎవరికీ చెప్పలేకపోవడం ఎంత విసుగో ఆ వయసులోనే నాకు అనుభవమైపోయింది.

తాతయ్య సంవత్సరీకం వచ్చింది. నాయనమ్మకి అది సొంత ఊళ్ళో, నలుగురు బంధువుల మధ్య జరగాలని ఉండేది. నాన్నకి సెలవు దొరకలేదు. అయినవాళ్ళెవరూ లేని ఈ ఊళ్ళో, రెండు గదుల క్వార్టర్లో చేయాల్సి వచ్చిందని ఆవిడ లోపల్లోపల రగిలిపోతోంది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెల మీద చూపించేది. రేపు కార్యం అనగా, గారెలకి మినప్పప్పు చెరగబోతే చాట కనపడలేదు. ఊరి నుంచి నెత్తిన పెట్టుకుని తెచ్చిన చాట అది. మూల మూలా వెతికింది. అమ్మని అడిగింది. అమ్మ "తెలీదత్తా" అంది. మంచం కిందా, బొగ్గుల డబ్బా వెనకా నన్ను దూరి చూడమంది. నేను దూరి, ఒళ్ళంతా మసి చేసుకుని వచ్చాను. చాట లేదు.

సరిగ్గా అప్పుడే కూరలామె వచ్చింది.

ఆమె లాల్‌ఖదాన్ వైపు నుంచి, పట్టాలు దాటి, నెత్తిన గంపతో మా వీధికి వచ్చేది. మా అమ్మ ఈడుది. మోచేతుల దాకా పచ్చబొట్లు, కాళ్ళకి బరువైన వెండి కడియాలు. తోటకూర, సొరకాయ, బీరకాయ, ఏ కాలానికి ఏది కాస్తే అది తెచ్చేది. డబ్బులివ్వలేని ఇళ్ళలో కూరలకి బదులు నూకలు తీసుకునేది. ఆ నూకల్లో మట్టీ ఊకా లేకుండా అక్కడికక్కడే చెరిగి చూసుకోవడానికి గంపలో ఒక చాట పెట్టుకుని తిరిగేది. అక్కడి భాషలో దాన్ని సూపా అంటారు. నాతో ఆమెకి స్నేహం. అమ్మ బేరం చేస్తున్నంతసేపూ నేను ఆమె పక్కన కూర్చుని కబుర్లు చెబితే, వెళ్ళేటప్పుడు లేత బెండకాయ ఒకటి నా చేతిలో పెట్టేది.

ఆ రోజు గంప దించి అరుగు మీద పెట్టింది. తోటకూర కట్టలు తీస్తుంటే కింద నుంచి చాట బయటపడింది. నాయనమ్మ గడపలోంచి ఒక్క అంగలో వచ్చి దాన్ని పట్టుకుంది.

"ఓలమ్మ! ఇదిగో నా చాట! పొద్దుట్నుంచీ ఇల్లంతా గాలించీసినాను. దీని గంపలో ఉందే!"

కూరలామె చాట రెండో అంచు పట్టుకుంది. "నై దాయీ, మోర్ ఆయ్" అంది. కాదమ్మా, ఇది నాది అని.

అది మనది కాదని నాకు చూడగానే తెలిసిపోయింది. మన చాట అంచుకి పేము చుట్టి ఉంటుంది. వీపున మెంతిపిండీ కాగితం గుజ్జూ కలిపి అలికి ఉంటుంది. ఇదేమో వెడల్పు మూతిది, ఉత్త వెదురు. "నాయనమ్మా, మనది కాదు, చూడు, అంచు చూడు" అన్నాను. నెత్తిమీద మొట్టికాయ పడింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ పడింది. మూడోసారి ఏడుస్తూ అన్నాను. అప్పటికే ఆవిడ గొంతులో నా గొంతు వినపడటం మానేసింది. ముందు గుమ్మాల్లోకి ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. అందరూ మనవాళ్ళే, అందరికీ నాయనమ్మ గొంతు తెలుసు. ఒక్కరూ దిగి రాలేదు. పైగా ఎవరో, "ముసలావిడ ఊరికే అంటాదేటి" అన్నారు.

అమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. ముఖం పాలిపోయి ఉంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

కూరలామె ఇంకా చాట వదల్లేదు. నాయనమ్మ ముఖం ఆమె ముఖానికి దగ్గరగా పెట్టి అరిచిన అరుపుకి మాత్రం ఆమె వేళ్ళు సడలిపోయాయి. నాయనమ్మ అన్న మాటల్లో ఒక్కటీ ఆమెకి తెలిసే భాష కాదు. అయినా అన్నీ అందాయి. తోటకూర కట్టలు గంపలోకి తిరిగి వేసుకుంది. గంప నెత్తికెత్తడానికి ఎవరూ సాయం పట్టలేదు. నేను పట్టబోతే, వద్దన్నట్టు పక్కకి జరిగి, మోకాలి మీద పెట్టుకుని తనే ఎత్తుకుంది.

నాకు ఆ మధ్యాహ్నం అన్నం దిగలేదు. కోపం ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను. నాయనమ్మ మీద, గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళ మీద, అందరికంటే ఎక్కువగా అమ్మ మీద. నాయనమ్మ మాత్రం ఆ చాటలోనే మినప్పప్పు పోసి, "కొత్తగా బరువెక్కిందేటి ఇది" అనుకుంటూ చెరిగింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పక్కింటి అక్క వెనక గోడ మీంచి చెయ్యి చాపింది. చేతిలో చాట. అంచుకి పేము, వీపున మెంతిపిండి. "పిన్నీ, మీ చాట. మొన్న పట్టుకెళ్ళి ఇవ్వడం మరిచిపోయాను" అంది అమ్మతో. అంది అమ్మతోనే గానీ, గోడ దగ్గర గిన్నెలు తోముతున్నది నాయనమ్మ.

అక్క వెళ్ళిపోయింది. నాయనమ్మ బూడిద చేతులతోనే ఆ చాట అందుకుని, లోపలికి వచ్చి, రెండో చాట పక్కన పెట్టింది. రెండిటినీ చూస్తూ కాసేపు నిలబడింది. 

"నాకు సెప్పకండా నువ్విచ్చినావా అది ఆళ్ళకి?" అని అమ్మని అడిగింది.

"ఔనత్తా."

"మరి పొద్దుట అడిగినప్పుడు తెలీదన్నావేటి? నాను దాని చాట లాక్కుంటంటే తలుపు ఎనకాల నిలబడి సూస్తావేటి? ఓ మాట సెప్పనేకపోనావా?"

అమ్మ పొయ్యిలో పుల్ల ముందుకి తోసింది. తర్వాత తల తిప్పకుండానే, "చెప్తే మీరు వింటారేటి అత్తా?" అంది.

అంతే అంది. గొంతు కూడా పెంచలేదు. నాయనమ్మ దెబ్బ తగిలినదానిలా పీట మీద కూర్చుండిపోయింది. మొట్టికాయలు పడ్డ చోట తల తడుముకుంటూ నేను మనసులో, "నేను మూడుసార్లు చెప్పాను, నా మాట విన్నావా?" అనుకున్నాను. పైకి అనలేదు. అనాల్సిన మాట అమ్మ అనేసింది.

మర్నాడు కార్యం జరిగింది. తర్వాత రోజుల్లో కూరలామె మా వీధికి రాలేదు. నాయనమ్మ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, వీధి మొదట్లోకి నన్ను పంపించేది. "వస్తందేటి సూడు." ఎవరూ వచ్చేవారు కాదు. పక్క వీధిలోంచి ఆమె కేక మాత్రం ఒకటి రెండుసార్లు వినపడింది. మా వీధి మొదట్లో ఆగకుండా అటు నుంచి అటే వెళ్ళిపోతోంది. పిలుచుకు రానా అంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. "తప్పు సేసినోలు పోవాల గానీ, మాట పడ్డోల్ని పిలుస్తారేటే?" అంది.

ఒక మధ్యాహ్నం నాన్న డ్యూటీకి వెళ్ళాక, చాట పైట కింద పెట్టుకుని నన్ను లేవదీసింది. "లాల్‌ఖదాన్ ఎటో తీసుకుపో" అంది. చాట నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. పట్టాల పక్కన కాలిబాట, కంకర, ఎండ. ఆవిడవి నొప్పుల మోకాళ్ళు. నాలుగడుగులు వేసి ఆగేది. ఆగినప్పుడల్లా పెదాలు కదుపుతూ ఏదో కూడబలుక్కునేది. ఏం చెప్పాలో నేను చెబుతాలే అన్నాను. ఒక్కసారి ఇటు తిరిగి నా రెక్క పట్టుకుంది.

"నువ్వు నోరిప్పకు. తప్పు నాది. నోరూ నాదే అవ్వాల. ఒట్టెయ్."

వేశాను. ఎందుకు వేశానా అని తర్వాత ఎంత ఉడుక్కున్నానో!

మట్టి గోడల ఇల్లు, కప్పు మీద సొరపాదు. కూరలామె ముంగిట్లో ఆకుకూర కట్టలు కడుతోంది. మమ్మల్ని చూడగానే లేచి రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె కళ్ళల్లో భయం స్పష్టంగా కనపడింది. ముసలామె ఇంటిదాకా వచ్చి మళ్ళీ అరుస్తుందనుకుంది. నాయనమ్మ కూడా అది చూసింది. చూసి, గబగబా పైట కింద నుంచి చాట తీసి రెండు చేతులతో ముందుకి చాపింది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాట అప్పుడు చెప్పింది. నా దగ్గరా, వీధిలోనూ విన్న హిందీ ముక్కలు ఏరుకుని తనే కట్టుకున్న వాక్యం అది.

"హమ్... తుమ్కో... దబాయా."

నేను నిన్ను దబాయించాను అని ఆవిడ చెప్పింది. ఆ మాటలో ఒత్తడమే విన్న కూరలామె చూపు చాట మీంచి నాయనమ్మ కాళ్ళ మీదకి దిగింది. దుమ్ము కొట్టుకుని, వాచిపోయి ఉన్నాయవి.

"గోడ్ పిరాత్ హే కా దాయీ?" అంది. కాళ్ళు నొప్పెడుతున్నాయా అమ్మా అని. అని, నాయనమ్మ భుజం పట్టుకుని నులకమంచం మీద కూర్చోబెట్టింది. చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడిగింది. కింద చతికిలబడి, ఒక కాలు తన ఒళ్ళో పెట్టుకుని ఒత్తడం మొదలుపెట్టింది.

నాయనమ్మ కంగారుగా కాలు లాక్కోబోయింది. "నహీఁ, నహీఁ! హమ్ దబాయా!" అంది. ఆమె ఇంకాస్త గట్టిగా ఒత్తింది. నాయనమ్మకి మాట అందనప్పుడు గొంతు పెంచడం ఒక్కటే తెలుసు. "దబాయా! దబాయా!" అని అరిచింది. కూరలామె తల ఊపి, మోకాలి చిప్ప చుట్టూ రెండు బొటనవేళ్ళతో నొక్కింది. అరిచిన కొద్దీ సేవ ఎక్కువవుతోంది. నాకు నాలుక చివరి దాకా వచ్చేసింది. ఒక్క మాట చెబితే అయిపోతుంది. "నాయనమ్మా, నేను..." అన్నాను. "నువ్వూరుకో గుంటా!" అని ఒక్క కసురు కసిరింది. రెండు భాషలూ తెలిసిన నేను నోరు మూసుకుని, రెండూ కలవని వాళ్ళిద్దరినీ చూస్తూ నిలబడ్డాను. నవ్వు రాలేదు. కాలు నేలకేసి కొట్టాలనిపించింది.

కాసేపటికి నాయనమ్మ అరవడం మానేసింది. తాను ఏ చేతుల్లోంచి చాట లాక్కుందో ఆ చేతులే తన కాళ్ళు పడుతుంటే, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎటో చూస్తూ కూర్చుంది. మేం లేచేటప్పుడు కూరలామె ఎర్ర తోటకూర కట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. నాయనమ్మ వద్దన్నా వినలేదు. ఆవిడ వద్దన్నది తెలుగులో మరి.

తిరిగి వస్తుంటే దారి పక్కన పాత స్లీపరు దుంగలు పేర్చి ఉన్నాయి. నాయనమ్మ వాటి మీద కూలబడింది. నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. "ఏటే మీ దిక్కుమాలిన బాస!" అని మొదలుపెట్టింది కూడా. మధ్యలో ఆగిపోయింది. గూడ్సు బండి ఒకటి వెళ్ళింది. అది వెళ్ళేదాకా చూసి, నాతో కాకుండా ఎవరితోనో అన్నట్టు అంది.

"ఆయాల నాను తెలుగులోనే కదే దబాయించినాను. ఒక్క ముక్క పొల్లుపోకండా దానికి అర్థమైపోనాది. ఇయ్యాల మంచిమాట సెప్పబోతే ఒక్క ముక్కా అందనేదు. దబాయించడానికి బాస అక్కర్నేదన్నమాట. తప్పైపోనాదనడానికే కావాల."

ఆవిడే మళ్ళీ, "తప్పు నాది అనడానికి ఆళ్ళ బాసలో ఏటంటారే?" అని అడిగింది.

"మోర్ గల్తీ హే."

"మోర్..."

"మోర్ గల్తీ హే, నాయనమ్మా."

ఇల్లు చేరేదాకా అదే మాట. గల్తీ అనమంటే గంతీ అనేది. నేను దిద్దితే ఎప్పుడూ ఉరిమి చూసే మనిషి, ఆ దారంతా నోరు మూసుకుని దిద్దించుకుంది. తర్వాత రోజుల్లో పొయ్యి దగ్గర, కుళాయి దగ్గర, తులసికి నీళ్ళు పోస్తూ కూడా గొణిగేది. నేను మళ్ళీ వెళ్దామా అంటే వద్దంది. "నలుగురి ముందర దబాయించినాను. సెప్పడం కూడా నలుగురి ముందరే అవ్వాల" అంది.

చాట చేతికి వచ్చిందనో, మనసు కాస్త కుదుటపడో, కూరలామె మళ్ళీ మా వీధిలోకి రావడం మొదలుపెట్టింది. మా గుమ్మం ముందు మాత్రం ఆగేది కాదు. ఓ పొద్దున వీధంతా అరుగుల మీద ఉన్న వేళ చూసి నాయనమ్మ వీధిలోకి దిగింది. ఆమె దారికి అడ్డంగా నిలబడింది. గుమ్మాల్లో మాటలు ఆగిపోయాయి. మళ్ళీ ఏదో గొడవ అనుకున్నారు అందరూ. అమ్మ ఈసారి తలుపు వెనక లేదు. చేతిలో గరిటెతో అలాగే గడప దాటి వచ్చింది.

నాయనమ్మ రెండు చేతులూ జోడించలేదు, ఏడవలేదు. చేతులు కిందికి వదిలేసి, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లలా నిలబడి అంది.

"సూపా తోర్ ఆయ్. మోర్ గల్తీ హే."

చాట నీది, తప్పు నాది.

ఆ మాటతో కూరలామె నవ్వుతుందని, పోనీలే దాయీ అంటుందని నేను ఎదురుచూశాను. అలా జరగలేదు. ఆమె గంప దించి నేల మీద పెట్టింది. తర్వాత నోరు తెరిచింది.

ఎంత కోపం దాచుకుందో అప్పుడు తెలిసింది. తన చాట తన చేతిలోంచి లాక్కున్నారని, ఆ రోజే పక్క వీధిలో ఒకావిడ తన గంప బోర్లించి వెతికాక గానీ వెళ్ళనివ్వలేదని చెప్పింది. చాట ఎక్కడ పోగొట్టావని ఇంట్లో అత్త తిట్టిందట. పొరుగింటి చాట అడుక్కుని, నాలుగు మాటలు పడి, ధాన్యం చెరుక్కుందట. ఈ వీధి మొదట్లోంచే పక్కకి మళ్ళి, బరువు గంపతో చుట్టూ తిరిగి పోయిందట. "ముసలిదానివి, మా ఇంటికి నడిచి వచ్చావు. ఇంటికొచ్చినదాన్ని అనకూడదని ఊరుకుని కాళ్ళు పట్టాను. ఇక్కడ అంటాను" అంది. గుమ్మాల్లో ఉన్నవాళ్ళ వైపు కూడా తిరిగి, "మీరంతా చూశారు, ఒక్కరు నోరు తెరవలేదు" అంది. ఆమె గొంతు మా నాయనమ్మ గొంతంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

నాయనమ్మ అలాగే నిలబడి ఉంది. నేను కంగారుపడి దగ్గరికి వెళ్ళి, "నాయనమ్మా, ఆమె ఏమంటోందంటే..." అన్నాను.

"అక్కర్నేదు" అంది, ఆమె ముఖం మీంచి చూపు తిప్పకుండా. "అర్థమవతంది. అననీ."

మధ్యలో ఒకటి రెండుసార్లు ఆవిడ పెదాలు కదిలాయి. దవడ బిగుసుకుంది. జవాబు చెప్పకుండా ఉండటం ఆవిడకి ఎంత కష్టమో రోజూ ఆవిడ వెంట తిరిగిన నాకు తెలుసు. అయినా చెప్పలేదు. కూరలామెకి మాటలు అయిపోయి, చెంగుతో ముక్కు తుడుచుకుని, గంప పక్కన కూర్చునేదాకా విన్నది. చివరికి కూరలామే రోజూ అడిగే మాటే అడిగింది. "కా లేబే దాయీ?" ఏం తీసుకుంటావమ్మా అని. నాయనమ్మ వంగి ఒక సొరకాయ తీసుకుంది. ఆ రోజు బేరమాడలేదు. లేచేటప్పుడు గంపకి ఒక వైపు తను చెయ్యి వేసింది. రెండో వైపు మా అమ్మ వేసింది.

ఆ రోజుతో మా నాయనమ్మ మారిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. ఆవిడ బతికినన్నాళ్ళూ పాలవాడు ఆ నోటికి భయపడ్డాడు. కుళాయి దగ్గరా అంతే. ఒక్కటి మాత్రం మారింది. అమ్మ "అత్తా, ఒక్కమాట" అంటే, ఆవిడ ఎంత కోపంలో ఉన్నా ఆగేది. ఉసూరుమంటూ, ముఖం ముడుచుకుని ఆగేది. ఆగేది మాత్రం నిజం. అమ్మ కూడా ఆ మాట అనడం నేర్చుకుంది.

ఇప్పుడు నేను అప్పటి ఆవిడ వయసు దాటాను. ఆవిడ గొంతే నాకు వచ్చిందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉండేది ఇదే బిలాస్‌పూర్‌లో, రాజ్‌కిశోర్ నగర్‌లో, చిన్న కొడుకు దగ్గర. మా చిన్న కోడలిది పక్కనే ఉన్న రతన్‌పూర్. మామూలుగా నాతో ముద్దుముద్దుగా తెలుగే మాట్లాడుతుంది గానీ, కోపం వస్తే ఛత్తీస్‌గఢీలోకి, ఆ కూరలామె భాషలోకి వెళ్ళిపోతుంది. ఆమెకి కోపం వచ్చేది చాలాసార్లు నా వల్లే. అప్పుడు నేను చేతిలో పని పక్కన పెట్టేస్తాను. ఆమె ముఖం వైపు తిరిగి కూర్చుంటాను. మధ్యలో అందుకుని చెప్పడానికి నా దగ్గర జవాబులుంటాయి, వాటిలో కొన్ని మంచి జవాబులే. ఆమె చెప్పేది అయ్యేదాకా వాటిని నోట్లోనే ఉంచుకుంటాను. ఇన్నేళ్ళు అలవాటు చేసుకున్నా, అది ఈ రోజుకీ నాకు సులువు కాలేదు.